వన్‌టౌన్‌లో దొరికిన నౌకాదళ అధికారి టోపీ: యుద్ధకాలం నాటిదేనా? దీన్ని ఎలా కాపాడుకోవాలి?

పాతరేవు_నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసుకు దగ్గరలో ఉంటున్నాను. పదేళ్లుగా పాత నాణేలు, తపాలా బిళ్లలు సేకరిస్తున్నాను కానీ, సైనికాధికారుల టోపీల విషయంలో నాకు బొత్తిగా అనుభవం లేదు. గత నెలలో మా పేటలో ఒక పాత మేడను పడగొట్టే ముందు అందులోని సామానంతా అమ్మేశారు. ఆ సామాను కొన్న పాత వస్తువుల వ్యాపారి దగ్గర ఒక ట్రంకు పెట్టెలో ఈ టోపీ కనిపించింది. బేరమాడి 6,500 రూపాయలకు తీసుకున్నాను.

టోపీ ముదురు నీలం ఉన్నితో చేసినది, దాదాపు నల్లగా కనిపిస్తుంది. పైభాగానికి తెల్లని నూలు గుడ్డ తొడుగు ఉంది. చుట్టూ నల్లని నేత పట్టీ, ముందు నల్లగా మెరిసే తోలు పీక్ (కళ్లకు నీడనిచ్చేలా ముందుకు పొడుచుకు వచ్చే అంచు) ఉన్నాయి. పీక్ మీద జరీ పని ఏమీ లేదు, సన్నని పగుళ్లు మాత్రం ఉన్నాయి. ముందు భాగంలోని బ్యాడ్జీ జరీతో కుట్టినది. నడుమ లంగరు, రెండు వైపులా ఆకులు, పైన కిరీటం ఉన్నాయి. లోపల గోధుమరంగు తోలు పట్టీ, అరిగిపోయిన పట్టు అస్తరు, దాని మీద బంగారు రంగు అక్షరాలు ఉన్నాయి. వాటిలో లండన్ అన్న ఒక్క మాట మాత్రమే చదవగలుగుతున్నాను. సైజు 7 అని ఉంది.

ఇది 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసిన రోజున ఇక్కడ విధుల్లో ఉన్న ఒక నౌకాదళ అధికారిదని ఆ వ్యాపారి చెప్పాడు. ఆ రోజు గురించి మా నాయనమ్మ చెప్పగా విని పెరిగినవాణ్ణి నేను. ఇళ్లకు తాళాలు వేసి, బండ్లు కట్టుకుని పల్లెలకు వెళ్లిపోయిన వాళ్లలో మా కుటుంబమూ ఒకటి. అందుకే ఆ మాట వినగానే వెనకాడకుండా కొనేశాను. ఇప్పుడు ఇంటికి తెచ్చి చూస్తుంటే, ఆ మాటకు ఆధారమేమిటన్న ప్రశ్న మొదలైంది. ఇది నిజంగా యుద్ధకాలం నాటిదని తేల్చుకోవడానికి ఏమేమి చూడాలో, ఈ సముద్రపు గాలిలో దీన్ని ఎలా దాచుకోవాలో, బ్యాడ్జీని శుభ్రం చేయవచ్చో లేదో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను. ఇదే వ్యాపారి జర్మన్ అధికారి టోపీ ఒకటి తెప్పించగలనని కూడా అంటున్నాడు. దాని గురించి కూడా మీ అభిప్రాయం కావాలి.

లంగరు_గుర్తు (జవాబు):

నమస్కారమండి. మీ వర్ణన ఎంతో శ్రద్ధగా ఉంది కాబట్టి నేనూ వివరంగానే రాస్తాను.

వ్యాపారి చెప్పిన కథను కాసేపు పక్కన పెట్టండి. కథ నిజం కావచ్చు, కాకపోవచ్చు. అది టోపీ మీద రాసి లేదు. టోపీ తన గురించి తాను ఏం చెబుతోందో ముందు చూద్దాం. అందులో మొదటిది కిరీటం. బ్రిటిష్ నౌకాదళ అధికారి బ్యాడ్జీలో తాడు చుట్టుకున్న వెండి రంగు లంగరు, దాని చుట్టూ బంగారు రంగు లారెల్ ఆకులు, పైన రాజకిరీటం ఉంటాయి. యుద్ధకాలంలో రాజ్యమేలినది ఆరో జార్జి కాబట్టి, అప్పటి కిరీటం ట్యూడర్ పద్ధతిది. దాని కమానులు రెండు వైపుల నుంచి గుండ్రంగా పైకి లేచి నడుమ కలుస్తాయి. ఎలిజబెత్ రాణి వచ్చాక వాడిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటంలో మాత్రం కమానులు నడుమ కొద్దిగా కిందికి వంగి, రెండు భుజాల మధ్య పల్లంలా కనిపిస్తాయి. మన దేశంలోనైతే 1950 జనవరి 26 నుంచి కిరీటం పోయి అశోకుని సింహశీర్షం వచ్చింది. కాబట్టి కిరీటమున్న భారతీయ బ్యాడ్జీ ఆ తేదీకి ముందుదే అయి ఉండాలి. అయితే ఈ మధ్య ఒక చిక్కు వచ్చి పడింది. 2022లో సింహాసనమెక్కిన మూడో చార్లెస్ మళ్లీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నారు. అందువల్ల గుండ్రని కమానులు కనబడగానే పాతదని నిర్ధారించుకునే రోజులు పోయాయి.

మీరు కిరీటం అని రాశారే గాని, అది ఎలాంటి కిరీటమో రాయలేదు. నేను అడిగేది ఊరికే కాదు. దయచేసి భూతద్దంతో చూడండి. శిఖరాన చిన్న గోళం, దాని మీద శిలువ ఉంటే అది రాజకిరీటం. అలా కాకుండా కిరీటపు అంచు మీద ఓడ తెరచాపలు, ఓడ వెనుకభాగాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటే, దాన్ని నౌకా కిరీటం అంటారు. అది నౌకాదళానిది కాదు, బ్రిటిష్ వాణిజ్య నౌకల అధికారులది. వాళ్ల బ్యాడ్జీలో లంగరు వెనుక ఎర్రని గుడ్డ, లంగరు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో జరీ తాడు కూడా ఉంటాయి. మన ఊరిది 1933లో ప్రారంభమైన రేవు. అప్పటి నుంచి ఇక్కడికి యుద్ధనౌకల కంటే సరుకు ఓడలే ఎక్కువగా వచ్చాయి. ఇక్కడ నౌకాదళ టోపీలని అమ్ముతున్న వాటిలో సరుకు ఓడల అధికారులవి తరచూ కనిపించడానికి కారణం అదే.

పీక్ మీద జరీ లేకపోవడం మంచి ఆధారం. బ్రిటిష్ నౌకాదళంలో కమాండర్, కెప్టెన్ హోదాల వారికి పీక్ అంచున ఒక వరుస బంగారు ఓక్ ఆకులు, అడ్మిరల్ స్థాయి వారికి రెండు వరుసలు ఉండేవి. లెఫ్టినెంట్ కమాండర్, అంతకంటే కింది అధికారుల పీక్ సాదాగా ఉండేది. కనుక ఇది ఎవరిదైనా పెద్ద హోదా వారిది మాత్రం కాదు.

ఇక లోపలి భాగం. టోపీని తెలుసుకోవాలంటే బయటి కంటే లోపలే ఎక్కువసేపు చూడాలని నా అభిప్రాయం. బ్రిటిష్ పద్ధతిలో అధికారులు తమ దుస్తులను తామే దర్జీల దగ్గర కొనుక్కునేవారు, కాబట్టి సిపాయిల సామాను మీద కొట్టే ప్రభుత్వ బాణపు గుర్తు అధికారి టోపీలో ఉండాలని లేదు. దానికి బదులు గీవ్స్ వంటి లండన్ దుకాణాల పేరు అస్తరు మీద బంగారు అక్షరాలతో ఉండేది. మీ టోపీలో లండన్ అన్న మాట కనిపించడం సహజమే. తోలు పట్టీని మడత పెట్టకుండా, వేలితో కొద్దిగా పక్కకు జరిపి దాని వెనుక చూడండి. నిజంగా వాడిన టోపీలో చెమట మరక నుదుటి దగ్గర ఎక్కువగా, వెనుక తక్కువగా ఉంటుంది. టీ డికాషన్‌లో ముంచి పాతబరచిన నకిలీలో మరక అంతటా ఒకేలా ఉంటుంది. కుట్టుదారాన్ని కూడా చూడండి. పాలిస్టర్‌ను 1941లోనే కనిపెట్టినా, అది బట్టల్లోకి, దారాల్లోకి వచ్చింది యుద్ధం ముగిశాకే. ఎక్కడైనా ఊడి వేలాడుతున్న పోగు ఉంటే, అర అంగుళం తుంచి నిప్పు తగిలించండి. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది. వేలాడే పోగు లేకపోతే మాత్రం ఈ పరీక్ష జోలికే పోవద్దు.

నకిలీ నోట్లను గుర్తించే ఊదారంగు టార్చితో చీకటి గదిలో చూడడం మరో పద్ధతి. గుడ్డలకు తెల్లదనం తెచ్చే మెరుపు రసాయనాలు యుద్ధం తరువాతే విస్తారంగా వాడుకలోకి వచ్చాయి కాబట్టి, ఆ వెలుతురులో దారం నీలంగా మెరిస్తే అనుమానించాలి. కాని తెల్ల తొడుగు విషయంలో ఈ పరీక్ష తీర్పు చెప్పలేదు. అది ఉతకడానికి వీలుగా విడిగా చేసిన తొడుగు. ఇటీవల ఎవరైనా దాన్ని సర్ఫ్ లాంటి పొడితో ఒక్కసారి ఉతికినా మెరుస్తుంది.

ఉన్ని_తోలు_జరీ (జవాబు):

పైన రాసిన గుర్తుల గురించి నాకంటే వారికే ఎక్కువ తెలుసు. నేను పాత వస్త్రాలను భద్రపరిచే పనిలో చాలాకాలం ఉన్నాను కాబట్టి, దాచుకోవడం గురించి మాత్రమే రాస్తాను.

శుభ్రం చేయవచ్చా అని అడిగారు. చేయవద్దని నా మనవి. కారణం నా అనుభవమే. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి యుద్ధకాలం నాటి ఒక సైనికాధికారి ఖాకీ టోపీ వచ్చింది. దాని లోహపు బ్యాడ్జీ ముదురు గోధుమ రంగులో ఉంటే అది మురికి అనుకున్నాను. ఇంట్లో ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండు పెట్టి తోమాను. పది నిమిషాల్లో బ్యాడ్జీ పచ్చగా తళతళలాడింది. ఆ తరువాతే తెలిసింది, బ్రిటిష్ సైనికాధికారులు రోజూ వాడే టోపీ బ్యాడ్జీలకు మెరుపు కనబడకుండా కంచు రంగు పూత వేయించేవారని, నేను తోమి పోగొట్టింది ఆ పూతనేనని. దాన్ని మళ్లీ తెప్పించే దారి లేదు. ఆ బ్యాడ్జీని చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ జరీ బ్యాడ్జీ నల్లబడి ఉన్నా సరే చింతపండు, నిమ్మరసం, వంటసోడా, పాలిష్ ద్రవాలు ఏవీ తగలనివ్వకండి. మెత్తని పొడి బ్రష్షుతో ధూళిని మెల్లగా పైకి ఎగరగొడితే చాలు.

మన ఊళ్లో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటిందంటే ఉన్నికి, తోలుకు బూజు పట్టే వీలు ఏర్పడుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలి దానికంటే తడిగానే ఉంటుంది. పైగా సముద్రపు గాలితో వచ్చే ఉప్పు గుడ్డ మీద పేరుకుని, తేమను తన వైపు లాక్కుంటుంది. అందువల్ల సముద్రం వైపు గోడకు ఆనించిన ఇనుప బీరువాలో టోపీని పెట్టకండి. వానాకాలం రాత్రుల్లో ఆ ఇనుము లోపలి వైపు చెమ్మగిల్లుతుంది. ఇంటి లోపలి గోడ దగ్గర, మూత సరిగా పట్టే డబ్బాలో పెట్టి, రంగు మారే సిలికా జెల్ సంచులను టోపీకి తగలకుండా పక్కన ఉంచండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని డబ్బాలో వేస్తే, 45 నుంచి 55 శాతం మధ్య ఉందో లేదో మీకే తెలుస్తుంది. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి, తేమ పోగొట్టి మళ్లీ పెట్టుకోవచ్చు. గదిలో ఏసీని పగలు వేసి రాత్రి ఆపితే తేమ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులు పగిలిన పీక్‌కు మరింత చేటు చేస్తాయి.

కలరా ఉండలు వేయవద్దు. ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు, పాత అస్తర్లలో ఉండే ప్లాస్టిక్ వంటి పలకలను కూడా మెత్తబరుస్తుంది. ఉన్నిలో పురుగు ఉందని రూఢిగా తెలిస్తే, మామూలుగా వస్తువును పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, ఇంటి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, తీశాక ఒక రోజు సంచి విప్పకుండా బయట పెడతాము. సంచి మీద నీరు పడుతుంది, వస్తువు మీద పడదు. అయితే మీ పీక్ ఇప్పటికే పగిలి ఉంది కాబట్టి, పురుగు కనబడితే తప్ప ఈ పని నేనైతే చేయను. ఆ మెరుపు తోలు మన వేడికి జిగురుగా మారుతుంది కూడా. వార్తాపత్రిక చుట్టితే అక్షరాలు దాని మీద అచ్చు పడిపోతాయి, పాలిథిన్ తగిలితే అంటుకుంటుంది. పీక్‌కు ఏదీ తగలకుండా, టోపీ బరువు పీక్ మీద పడకుండా, లోపల మెత్తని గుడ్డ దిండు చేసి దాని మీద కూర్చోబెట్టండి. ఆ గుడ్డకు గంజి ఉండకూడదు. గంజి పిండిపదార్థం కాబట్టి వెండి పురుగులు దాని కోసమే వస్తాయి. మీ తెల్ల తొడుగుకు అప్పట్లో గంజి పెట్టే ఉంటారు. దాని అంచుల్లో చిన్న కొరుకులు ఉన్నాయేమో చూడండి. తోలు పట్టీ దగ్గర ఇత్తడి బొత్తాల చుట్టూ ఆకుపచ్చని చిలుము మైనంలా కనిపిస్తే, వెదురు పుల్లతో మెల్లగా తీయండి, ఇనుప సూది వాడకండి.

భీమిలి_తీరం (జవాబు):

జర్మన్ టోపీ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. కొనవద్దు. యుద్ధకాలపు టోపీల్లో అత్యధికంగా నకిలీలు తయారయ్యేది వాటిలోనే. అధికారి టోపీకి వెండి తాడు ఉంటుందని, అంచు కుట్టు తెలుపైతే పదాతిదళమని, గులాబీ రంగైతే ట్యాంకు దళమని, ఎరుపైతే ఫిరంగి దళమని చదివి తెలుసుకున్నంత మాత్రాన సరిపోదు; నకిలీలు చేసేవారు కూడా అవే పుస్తకాలు చదువుతారు. నిజమైనవి పదుల సంఖ్యలో చేతులతో పట్టుకుని చూసినవారికే ఆ తేడా అంతుపడుతుంది. మన దగ్గర అలా చూసే అవకాశం తక్కువ. దానికి మించి, ఈ తీరానికి ఆ టోపీకి సంబంధమేమీ లేదు. మన ఊరికి నిజంగా సంబంధమున్నవి బ్రిటిష్, భారత నౌకాదళాలవి, వైమానిక దళాలవి, తరువాత 1971 యుద్ధం నాటివి. వాటి మీద పెట్టిన శ్రమ మీకు, మీ తరువాతివారికి పనికివస్తుంది.

జరీ బ్యాడ్జీల విషయంలో ఒక జాగ్రత్త. మన వారణాసిలోనూ, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లోనూ ఇప్పటికీ చేతితో ఇలాంటి బ్యాడ్జీలు కుడుతున్నారు, ఆ పనితనం చాలా గొప్పది. కాబట్టి పాత టోపీకి కొత్త బ్యాడ్జీ కుట్టి అమ్మడం తేలిక. బ్యాడ్జీ అంచు కింద ఉన్ని రంగు చూడండి. ఎనభై ఏళ్లుగా అక్కడే ఉన్న బ్యాడ్జీ కింద గుడ్డ వెలిసిపోకుండా ముదురుగా ఉండాలి.

చట్టం గురించి రెండు మాటలు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినవి పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ టోపీ రెండో ప్రపంచయుద్ధం నాటిదైతే ఇంకా ఆ గడువుకు చేరలేదు, మొదటి యుద్ధం నాటివి చేరాయి. టోపీని దాచుకోవడంలో తప్పు లేదు. సైనికుడినని ఇతరులను నమ్మించడానికి ధరిస్తే మాత్రం నేరం.

వీలైతే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్లి, 1942లో జపాన్ విమానాలు వేయగా పేలకుండా మిగిలిన బాంబును చూడండి. ఒక వస్తువుకు ఊరి చరిత్రతో సంబంధం రూఢి అయితే అది ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

పాతరేవు_నివాసి (మళ్లీ):

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఓపికగా చూసి రాస్తున్నాను.

కిరీటం రాజకిరీటం కాదు. భూతద్దంలో తెరచాపలు స్పష్టంగా కనిపించాయి. రెండు చాపల మధ్య ఒక ఓడ వెనుకభాగం, మళ్లీ చాప. లంగరు వెనుక గుడ్డ నలుపు అనుకున్నాను గాని, ఒక ఆకు కింద చిన్న మూలలో ముదురు ఎరుపు మిగిలి ఉంది. కాబట్టి ఇది సరుకు ఓడ అధికారి టోపీ. బ్యాడ్జీ కింద ఉన్ని ముదురుగానే ఉంది. తోలు పట్టీ నుదుటి దగ్గర దాదాపు నల్లబడింది, వెనుక లేత గోధుమ రంగులోనే ఉంది. టార్చి వెలుతురులో కుట్టుదారం మెరవలేదు, తెల్ల తొడుగు మాత్రం మచ్చలు మచ్చలుగా మెరిసింది.

తొడుగును తీసి చూసినప్పుడు మరొకటి కనిపించింది. లోపలి మడతలో, బియ్యపు గింజంత పరిమాణంలో, నల్లని గుర్తు ఉంది: ఒక అడ్డగీత, దాని కింద మూడు చుక్కలు. మా అమ్మ చూడగానే చాకలి గుర్తు అంది. నల్లజీడి రసంతో పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులైనా పోదని, తన చిన్నప్పుడు తమ ఇంటి బట్టలన్నిటికీ వేరే గుర్తు ఉండేదని చెప్పింది. కొరుకులు కూడా ఉన్నాయి, అంచున ఐదారు చోట్ల.

లంగరు_గుర్తు (జవాబు):

చాలా చక్కగా చూశారు. నౌకాదళ టోపీ కాదని మీరు నిరాశపడి ఉంటే, ఆ అవసరం లేదని నా నమ్మకం. ధర విషయంలో వాణిజ్య నౌకల టోపీలు కొంత తక్కువ పలుకుతాయన్నది నిజమే. కాని 1942 ఏప్రిల్ మొదటి వారంలో బంగాళాఖాతంలో జపాన్ నౌకలు, విమానాలు ముంచినవాటిలో అత్యధికం సరుకు ఓడలే. రెండు మూడు రోజుల్లోనే ఇరవైకి పైగా మునిగాయి. 6వ తేదీన మన రేవు మీదికి వచ్చిన విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌకవి, అవి గురిపెట్టినవాటిలో కూడా రేవుతో పాటు ఓడలున్నాయి. యుద్ధాన్ని భరించినవారి టోపీయే ఇది కూడా. నా సేకరణలో వీటికి విడిగా ఒక అర ఉంది.

కాలం విషయంలో మాత్రం ఒక కొత్త చిక్కు. నౌకా కిరీటం రాజు మారినా మారదు, కాబట్టి 1918 తరువాత ఏ దశాబ్దానిదైనా బ్యాడ్జీ దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల మీరు చూసిన దారం, తోలు, అస్తరు ముఖ్యమవుతాయి. అవన్నీ కలిసి ఇది 1950ల మధ్యకు ముందుదై ఉండే అవకాశమే ఎక్కువని చెప్పడానికి సరిపోతాయి. 1942 అని చెప్పడానికి సరిపోవు. ఈ టోపీ వివరాలకు ఒక కార్డు పెట్టుకుని, దాని మీద అలాగే రాసుకోండి: వ్యాపారి మాట ఒక వైపు, మీరు చూసినది మరో వైపు, తేదీతో సహా.

చాకలి గుర్తు మాత్రం వెల కట్టలేనిది. టోపీ లండన్‌లో పుట్టినా, దాని తొడుగు నల్లజీడి గుర్తుతో మన దేశంలోనే ఎక్కడో ఉతుకులు పడింది. ఇది ఎవరి కథా కాదు, గుడ్డ మీద ఉన్న సాక్ష్యం. తొడుగును ఇక ఉతకకండి, మరకలు ఉన్నా సరే.

పాతరేవు_నివాసి (మళ్లీ):

ఉతకను. తొడుగును విడిగా, గంజి లేని గుడ్డలో మడత పడకుండా పరచి పెట్టాను. ఆ గుర్తును పెద్దదిగా ఫొటో తీయించాను. రేవు దగ్గర బంగళాలకు, ఓడలకు తరాలుగా బట్టలు ఉతికిన కుటుంబాలు రెండు మా పేటలో ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారం ఆ ఫొటో పట్టుకుని వాళ్లలో పెద్దవారి దగ్గరికి వెళ్తున్నాను. మూడు చుక్కల మీద అడ్డగీత ఎవరి ఇంటి లెక్కో, ఏ చాకిరేవు వాళ్లు పెట్టేవారో వారికి గుర్తుందేమో అడిగి, వారు చెప్పినది వారి మాటల్లోనే ఇక్కడ రాస్తాను.